ఇసుక పోసిన బాటిల్ ఎత్తితే భుజం నొప్పి తగ్గుతుందా? మా అబ్బాయి తగ్గుతుందంటున్నాడు

మిర్యాలగూడ టిఫిన్లు | జనవరి 6, రాత్రి 10:20

నాకు నలభై ఆరేళ్లు. పదకొండేళ్లుగా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. దసరా వెళ్లినప్పటి నుంచి కుడి భుజం నొప్పి. మొదట్లో పెనం మీద దోసె తిప్పుతుంటే కాస్త సలిపేది, ఓర్చుకున్నాను. ఇప్పుడు చెయ్యి పక్కకు లేపితే సగం దూరంలో కత్తి దిగినట్టు పోటు వస్తుంది. విచిత్రమేమిటంటే, పళ్లు బిగబట్టి ఇంకా పైకి లేపితే మళ్లీ తగ్గుతుంది. నాకు జడ వేయడం మా అమ్మాయి పని అయిపోయింది. కుడి వైపు తిరిగి పడుకుంటే రాత్రి రెండింటికే మెలకువ వస్తుంది. మూడున్నరకు ఎలాగూ లేచి పప్పు రుబ్బాలి.

ఒక ఆసుపత్రిలో స్కాన్ తీశారు. భుజం పైన ఉన్న నరంలో సగం మందం వరకు చిరుగు ఉందని రాశారు. ముందు ఒక ఇంజక్షన్, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు. ఖర్చెంతో కూడా అక్కడే చెప్పేశారు. హైదరాబాద్‌లో చదువుతున్న మా అబ్బాయి మాత్రం ఆపరేషన్ వద్దమ్మా, బాటిల్‌లో ఇసుక పోసుకుని ఎత్తు, కండ గట్టిపడితే నొప్పి పోతుంది అంటున్నాడు. చిరిగిన గుడ్డను ఎవరైనా ఇంకా గుంజుతారా? తెలిసినవాళ్లు చెప్పండి. దుకాణం మూసి కూర్చునే స్తోమత నాకు లేదు.

బత్తాయి తోట | జనవరి 6, రాత్రి 10:55

అక్కా, ఏం చెయ్యాలో నేను చెప్పలేను గానీ, ఏం చెయ్యకూడదో చెబుతాను. నాలుగేళ్ల కిందట నాకూ ఇదే వచ్చింది. ఇంట్లోవాళ్లు విశ్రాంతి, విశ్రాంతి అంటే మెడకు గుడ్డ కట్టి మూడు నెలలు చెయ్యి వేలాడేసుకున్నాను. నొప్పి పోయింది, నిజమే. తర్వాత తోటలో కాయ కోతకు దిగాను. మధ్యాహ్నం బువ్వ వేళకే మళ్లీ మొదటికి వచ్చింది. అంగీ విప్పి అద్దంలో చూసుకుంటే కుడి జబ్బ ఎడమ జబ్బకంటే సన్నబడి ఉంది. మూడు నెలలు మంచం మీద పెట్టిన చెయ్యి ఒక్క పూట కూడా ఆగలేదు.

నారాయణపేట పహిల్వాన్ | జనవరి 6, రాత్రి 11:30

మీ అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం ఆంటీ. రేపటి నుంచే రోజూ యాభై దండాలు, వంద బస్కీలు మొదలుపెట్టండి. ఐదు కిలోల డంబెల్ తలపైకి ఎత్తండి. నెల రోజుల్లో నొప్పి పారిపోతుంది.

పిల్లలమర్రి ఫిజియో | జనవరి 7, ఉదయం 6:10

తమ్ముడూ, మధ్యలో పోటు వచ్చే భుజంతో ఐదు కిలోలు తలపైకి ఎత్తిస్తే పారిపోయేది నొప్పి కాదు, ఆమె.

అమ్మా, మహబూబ్‌నగర్‌లో పద్నాలుగేళ్లుగా ఇదే నా వృత్తి. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పను. అయితే ఒక సంగతి మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. మోచెయ్యి నడుముకు ఆనించి, చేతిని ముందుకు మడిచి, తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి తిప్పండి. ఎక్కడ ఆగిందో చూసుకోండి. తర్వాత మీరు చేతిని వదిలేసి, మీ అమ్మాయిని మెల్లగా ఇంకాస్త తిప్పమనండి. ఎడమ చెయ్యి తిరిగినంత కుడి చెయ్యీ తిరిగిందా, లేక ఎవరు తిప్పినా గోడకు తగిలినట్టు ఆగిపోయిందా? ఎక్కడైనా పడ్డారా, షుగర్ ఉందా అన్నది కూడా రాయండి. మిగతా మాట ఆ తర్వాత.

నిర్వాహకుడు | జనవరి 7, ఉదయం 8:00

నూనె అమ్మకం వ్యాఖ్య ఒకటి తొలగించాం. ఈ చర్చ చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. భుజం నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె కావచ్చు, ఇక్కడ రాస్తూ కూర్చోకండి. పడిన తర్వాత చెయ్యి అసలు లేవకపోయినా, కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా, చేతిలో తిమ్మిరి పెరుగుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిర్యాలగూడ టిఫిన్లు | జనవరి 7, మధ్యాహ్నం 2:40

చూశాం సార్. మా అమ్మాయి తిప్పితే రెండు చేతులూ సమానంగా తిరిగాయి. చివర్లో కాస్త నొప్పి, అంతే. షుగర్ లేదు, మొన్ననే పరీక్ష చేయించాను. పడలేదు.

పిల్లలమర్రి ఫిజియో | జనవరి 7, రాత్రి 9:15

మంచిది. అంటే కీలు పట్టేయలేదు. చెయ్యి పక్కకు లేపినప్పుడు సుమారు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీల మధ్య పోటు వచ్చి, పైన తగ్గడం ఈ స్నాయువు నొప్పిలో తరచూ కనిపించేదే. స్నాయువు అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. మనవాళ్లు నరం అంటారు గానీ, నరం వేరు.

రుబ్బురోలుతో చెబుతాను, మీకు ఇట్టే అర్థమవుతుంది. తుంటి కీలు రుబ్బురోలులో పొత్రం లాంటిది. లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది, కదిలించినా బయటికి రాదు. భుజం అలా కాదు, సాసర్ మీద పెట్టిన నిమ్మకాయ. గుండు పెద్దది, గూడు చిన్నది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే జారిపోయే గుణమూ ఉంది. ఆ నిమ్మకాయను సాసర్ నడుమ నిలిపి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. మీ స్కాన్‌లో చిరుగు రాసింది వాటిలో పైదానికి. అది నీరసించిందంటే చెయ్యి లేపిన ప్రతిసారీ నొప్పి రేగుతుంది.

ఇక చిరిగిన గుడ్డ సంగతి. గుడ్డకు ప్రాణం లేదు, గుంజితే చిరుగుతుంది. స్నాయువుకు ప్రాణం ఉంది. తగినంత బరువు మోపి, తగినంత తీరిక ఇస్తే గట్టిపడుతుంది. వ్యాయామం ఆ చిరుగును కుట్టేస్తుందని నేను అబద్ధం చెప్పను. మిగిలిన పోగులు, పక్క కండరాలు ఆ పని పంచుకోవడం నేర్చుకుంటాయి. అసలు అరవై దాటినవాళ్ల భుజాలు వరసగా స్కాన్ తీస్తే, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ చాలామందికి ఇలాంటి చిరుగులు కనిపిస్తాయి. తల నెరవడం లాంటిదే ఇదీ.

అబ్బాయి మాట సగం సరి. బరువు కావాలి, కానీ మొదటి రోజే ఇసుక వద్దు. మొదటి రెండు వారాలు బాటిలే వద్దు. గుమ్మం పక్కన నిలబడి, మోచెయ్యి నడుముకు ఆనించి, పిడికిలి వెనక భాగంతో ద్వారబంధాన్ని బయటికి నెట్టండి. ద్వారబంధం కదలదు, మీ చెయ్యీ కదలదు. సగం బలంతో అర నిమిషం నెట్టి వదిలేయండి. అలా ఐదుసార్లు, రోజుకు రెండు పూటలా. నొప్పిని పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. మూడు, నాలుగు వరకు ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికి అంతకుముందున్న స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే తర్వాతి సారి సగం చెయ్యండి, మానేయకండి.

గుంటమగ్గం | జనవరి 8, ఉదయం 5:50

ఫిజియో సార్, నాకు ఒక సందేహం, చాలా ఏళ్లుగా ఉన్నదే. మాది పోచంపల్లి వైపు. మా ఇంటావిడ ఇరవై ఏళ్లు ఆసు పోసింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. నూలుకు రంగు అద్దేముందు దాన్ని చెక్క మీద అర్ధచంద్రంలా కొట్టిన మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఈ కొసన పట్టిన పోగు ఆ మేకుకు వేసి మళ్లీ వెనక్కి రావాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అలా పోయి రావాలి. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లి నొప్పి మా వైపు ఇంటింటికీ ఉన్నదే.

నా ప్రశ్న ఇది. తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించిన మనిషి భుజం ఉక్కులా ఉండాలి కదా? మా ఆవిడ భుజం మాత్రం గాజు ముక్కలా ఉంది. మరి మీరు ఎత్తమంటున్న బాటిల్ ఏం మేలు చేస్తుంది?

పిల్లలమర్రి ఫిజియో | జనవరి 8, రాత్రి 9:40

ఇన్నేళ్లలో నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఈ ఒక్కటి తేలితే మిగతావన్నీ తేలినట్టే.

ఆసులో చేతికి పడే బరువు ఎంత? ఒక పోగు, దాంతోపాటు గాలిలో చాచిన చెయ్యి. ఆ బరువు ఇరవై ఏళ్లయినా పెరగదు. పెరగని బరువుకు కండ ఎందుకు పెరుగుతుంది? పెరిగేదల్లా లెక్క ఒక్కటే. తొమ్మిది వేల సార్లలో ఎక్కడా స్నాయువుకు తేరుకునే వ్యవధి లేదు. రేపు మళ్లీ తొమ్మిది వేలు. పనికి మీ భుజంతో సంబంధం లేదు, చీర అయ్యేదాకా అది ఆగదు. సాధన అలా కాదు. పన్నెండు, పదిహేను సార్లకే కండ అలిసిపోయేంత బరువు, మూడు విడతలు, ఆపైన ఒక రోజు సెలవు. ఆ సెలవు రోజునే కండ కట్టుకుంటుంది. పదిహేను తేలికైపోయిన రోజున బరువు పెంచాలి.

ఇది కొత్త మాట కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గాయపడిన సైనికులకు తేలికపాటి కదలికలే ఎక్కువ సార్లు చేయించేవారు. థామస్ డెలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దాన్ని తిరగేశారు. తక్కువ సార్లు, ఎక్కువ బరువు, వారం వారం పెంచుకుంటూ పోవడం. 1945లో ఆయన రాసిన వ్యాసం నుంచే మా వృత్తిలో ఈ దారి స్థిరపడింది.

మీ ఆవిడ చెయ్యి ఇరవై ఏళ్లు పని చేసింది, ఒక్క రోజూ సాధన చెయ్యలేదు.

గుంటమగ్గం | జనవరి 9, ఉదయం 6:05

ఆమెకు చదివి వినిపించాను. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరు నా చెయ్యి మాట మాట్లాడారు అంది.

దేవరకొండ లెక్కల సార్ | జనవరి 11, సాయంత్రం 6:30

అందరూ ఒకే వైపు కొట్టుకుపోతున్నారు కాబట్టి నేను రెండో వైపు నిలబడతాను. ముందు ఆపరేషన్ సంగతి. భుజం పైనున్న ఎముకను లోపల కాస్త చెక్కి ఖాళీ చేసే ఆపరేషన్ ఒకటుంది. బ్రిటన్‌లో 313 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నిజంగా చెక్కారు, రెండో జట్టుకు కెమెరా గొట్టం పెట్టి చూసి చెక్కకుండానే మూసేశారు, మూడో జట్టుకు ఏమీ చెయ్యలేదు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2018లో అచ్చయిన ఫలితం ప్రకారం చెక్కినవాళ్లకూ చెక్కనివాళ్లకూ తేడా లేదు. ఏమీ చెయ్యని జట్టుకంటే రెండూ కాస్త మెరుగే గానీ, ఆ కాస్త రోగికి తెలిసేంత పెద్దది కాదు. ఇంతవరకు ఫిజియో గారికి సంతోషమే.

ఇప్పుడు రెండోది. అదే పత్రికలో 2021లో, అదీ బ్రిటన్‌దే, 708 మంది. కొందరికి ఫిజియో దగ్గర ఆరు విడతల వరకు బరువు పెంచుకుంటూ పోయే వ్యాయామం, కొందరికి ఒక్కసారి కూర్చోబెట్టి సలహా. రెండు జట్లలోనూ సగం సగం మందికి స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా ఇచ్చారు. ఏడాదికి చూస్తే ఆరు విడతలకూ ఒక్క సలహాకూ తేడా రాలేదు. ఇంజక్షన్ రెండు నెలల దగ్గర కొంచెం మేలు చూపింది, ఏడాదికి అదీ లేదు. ఫిజియో గారూ, మీ గుమ్మం నెట్టుడుకు ఇదేమంటుంది?

పిల్లలమర్రి ఫిజియో | జనవరి 11, రాత్రి 10:05

నా పొట్ట మీద కొట్టే పరిశోధనే తెచ్చారు సార్, కాదనను. అయితే ఆ ఒక్క సలహా జట్టు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వాళ్ల చేతికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఇంట్లో చేసుకోవలసిన తేలిక వ్యాయామాలు చూపించి పంపారు. కాబట్టి ఆ ఫలితం వ్యాయామం దండగ అనడం లేదు. ఒకసారి సరిగ్గా నేర్పితే నా దగ్గరికి ఆరుసార్లు రానక్కరలేదు అంటోంది. మిర్యాలగూడ అమ్మ ఫోనులో చూసి ఇంట్లో చేసుకోవచ్చని నేను ధైర్యంగా చెప్పడానికి అదీ ఒక కారణం.

మరొకటి కలుపుతాను. అమెరికాలో, పడి చిరిగినది కాకుండా దానంతట అదే పూర్తిగా చిరిగిన స్నాయువులున్న 452 మందికి ముందుగా వ్యాయామం చేయించారు. రెండేళ్లు గడిచినా వాళ్లలో ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. ఈ అమ్మది సగం చిరుగే. అలాగని ఆపరేషన్ అసలే వద్దని కాదు. పడి, ఒక్కసారిగా తెగి, చెయ్యి లేవనివాళ్లకు ఆలస్యం చేస్తేనే నష్టం.

వనపర్తి పింఛను | జనవరి 12, ఉదయం 7:20

షుగర్ ఉన్నవాళ్లు ఆగి చదవండి. నాకు పద్దెనిమిదేళ్లుగా ఉంది. ఎడమ భుజం పట్టేసింది, జేబులో రుమాలు తీసుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి పోలేదు. పైన ఫిజియో గారు చెప్పిన తలుపు పరీక్షలో నా చెయ్యి గోడకు తగిలినట్టే ఆగేది. నాకు అప్పట్లో ఒకాయన చేతిని పట్టి బలంగా పైకి లాగి, బరువులు పట్టించాడు. మూడు రాత్రులు కూర్చునే నిద్రపోయాను. తర్వాత వేరే డాక్టరు చెప్పారు, నొప్పి రగిలే దశలో అలా చేస్తే కీలు పొర ఇంకా రేగుతుందట. వేడి కాపడం, మెల్లగా కదిలించడం, ఓపిక. ఏడాదిన్నర పట్టింది. బరువులు చివరి ఆరు నెలల్లోనే. స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చిన వారం షుగర్ మూడొందల కిందికి దిగలేదు, ఆ మాట ముందే చెప్పి ఉంటే జాగ్రత్త పడేవాణ్ని.

మర్రిగూడ నీళ్లు | జనవరి 12, రాత్రి 8:45

మా వైపువాళ్ల కోసం ఒక మాట. మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో పాత బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు భుజం ఒక్కటే కాదు, మెడ తిరగదు, నడుము వంగదు, మోకాళ్లు బిగుస్తాయి. అది ఫ్లోరైడ్. ఎముకలకు, వాటిని కలిపి ఉంచే కట్లకు పట్టిన గట్టిదనం బాటిల్ ఎత్తితే కరగదు. ఒక్క భుజమే నొప్పా, ఒళ్లంతా బిగుసుకుందా చూసుకుని మరీ మొదలుపెట్టండి. మా నాన్నకు వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మిర్యాలగూడ టిఫిన్లు | జనవరి 29, రాత్రి 10:30

మూడు వారాలు గుమ్మం నెట్టాను. మా ఆయన ఇల్లు పడిపోతుందేమో చూడు అంటున్నారు. రాత్రి మెలకువ రావడం వారంలో రెండు రోజులకు తగ్గింది. పోటు అలాగే ఉంది. సంక్రాంతికి అరిసెల పిండి దంచి నాలుగు రోజులు వెనక్కి పోయాను, ఫిజియో సార్ చెప్పినట్టు సగం చేశాను, మానలేదు. ఇప్పుడు బాటిల్ పట్టవచ్చా?

పిల్లలమర్రి ఫిజియో | జనవరి 30, ఉదయం 6:00

పట్టండి. అర లీటరు బాటిల్, నీళ్లే, అర కిలో. ఎడమ వైపు తిరిగి పడుకుని, కుడి చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకోండి. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించే ఉండాలి. బాటిల్‌ను పొట్ట దగ్గర నుంచి పైకప్పు వైపు తిప్పండి, దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. దించడంలోనే మేలు ఎక్కువ, తొందరపడకండి. పన్నెండు సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. దాంతోపాటు సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి, కిటికీ ఊచకు కట్టి, రెండు చేతులతో నడుము దాకా లాగండి. గోడకు దండాలు కూడా మొదలుపెట్టవచ్చు. నారాయణపేట తమ్ముడు విని సంతోషిస్తాడు, గోడకే గానీ దండాలే.

దేవరకొండ లెక్కల సార్ | జనవరి 30, సాయంత్రం 5:15

దుకాణంలో పిండి గిన్నె ఎక్కడ పెడుతున్నారు? ఐదు కిలోల గిన్నెను చెయ్యి చాచి భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడం వేరు, పొట్టకు ఆనించి 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకోవడం వేరు. బరువును దూరంతో గుణించండి. మూడొందలు ఎక్కడ, నూట పాతిక ఎక్కడ. గిన్నె అదే, భుజానికి మాత్రం సగం కూడా పడదు.

మిర్యాలగూడ టిఫిన్లు | జనవరి 30, రాత్రి 9:50

పెనం అవతల అరుగు మీద ఉండేది సార్, చెయ్యి చాచే తీసుకునేదాన్ని. పదకొండేళ్లుగా! ఇవాళ స్టూలు వేసి ఇవతలికి తెచ్చాను.

బత్తాయి తోట | మార్చి 3, రాత్రి 9:00

నేనూ మొదలుపెట్టాను అక్కా, చెప్పలేదు. ట్యూబు కిటికీకి కడితే ఊచ ఊడింది, వేప చెట్టుకు కట్టాను. జబ్బ సంగతి ఇంకా తెలియదు గానీ, మందు కొట్టే పంపు వీపుకు తగిలించుకునేటప్పుడు ఎవరినీ పిలవడం లేదు.

మిర్యాలగూడ టిఫిన్లు | ఏప్రిల్ 19, రాత్రి 10:10

బాటిల్ పట్టి పదకొండు వారాలు. మా పిండి తూచే కాటా మీదే పెట్టి, బాటిల్‌పైన పెన్నుతో రాసుకుంటూ వచ్చాను. 500, తర్వాత లీటరు బాటిల్‌కు మారి 750, 1000. నీళ్లు నిండిపోయాక మా అబ్బాయి గెలిచాడు, ఇసుక పోశాం. నిన్న 1 కిలో 450 గ్రాములు. మధ్యలో ఫిబ్రవరి చివర పది రోజులు ఏ మార్పూ లేక విసిగిపోయి బాటిల్‌ను బియ్యం డబ్బా వెనక పడేశాను. మా అమ్మాయి తీసి దిండు పక్కన పెట్టింది.

పోటు పూర్తిగా పోలేదు. శనాదివారాలు రద్దీ ఎక్కువైతే సాయంత్రానికి రెండు మార్కులు ఉంటుంది. ఆపరేషన్ కాగితం బీరువాలో ఉంది. ఇవాళ పొద్దున జడ నేనే వేసుకున్నాను, వంకరగా వచ్చింది, అలాగే దుకాణానికి వెళ్లాను.

గుంటమగ్గం | ఏప్రిల్ 20, ఉదయం 5:45

మా ఆవిడ 750 దగ్గర ఉంది. మీ కంటే ముందు కిలోకు వెళ్లాలని పంతం పట్టింది, మీరు దాటేశారని చెప్పలేదు.

బత్తాయి తోట | ఏప్రిల్ 20, ఉదయం 7:30

అక్కా, ఇసుక తడిదా, పొడిదా? మాకు వాగు ఇసుక ఉంది.

మిర్యాలగూడ టిఫిన్లు | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:05

ఎండబెట్టి పొయ్యి తమ్ముడూ. నేను తడిది పోస్తే నాలుగో రోజుకు మూత తీయలేకపోయాం, వాసన.